ఫ్రీసౌండ్: నాకు శబ్దాల కంటే ఫైలు పేర్లే నచ్చాయి

ఫ్రీసౌండ్ అంటే ఎవరెవరో రికార్డు చేసి ఎక్కించిన శబ్దాలను ఉచితంగా దించుకునే వెబ్‌సైటు. అందులో ఏం దొరుకుతుందో, ఎలా వెతకాలో ఇక్కడ రాయడం లేదు. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు ఎవరైనా మొదట్లోనే అక్కడికి చేరతారు. బార్సిలోనాలోని పోంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పటికీ ఉచితమే. విరాళం అడుగుతారు, కుదిరితే ఇవ్వండి. నేను చెప్పాలనుకున్నది పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక చిన్న సంగతి. అక్కడ దించుకున్న ఫైలు పేరు.

ముందు ఒక నంబరు ఉంటుంది. తర్వాత రెండు అండర్‌స్కోర్లు, ఆ శబ్దాన్ని ఎక్కించిన మనిషి యూజర్‌నేమ్, మళ్లీ రెండు అండర్‌స్కోర్లు, చివర్లో శబ్దం పేరు. చూడ్డానికి చిరాగ్గా ఉంటుంది. టైమ్‌లైన్‌లో క్లిప్పు మీద సగం పేరే కనబడుతుంది, ఆ సగంలో అంకెలే ఎక్కువ. అందుకే చాలామంది దించీ దించగానే ‘వాన 1’, ‘వాన గట్టిగా’, ‘వాన ఫైనల్’ అని మార్చేస్తారు. కృష్ణానగర్‌లో నేను కూర్చున్న ఎడిట్ రూములన్నిట్లో ఎఫెక్ట్స్ ఫోల్డరు ఇలాగే ఉండేది. నేను మాత్రం మార్చను. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లనూ ముట్టుకోనివ్వను. ముందు అది ఒట్టి బద్ధకం. తర్వాత ఒక వాన దాన్ని నియమం చేసింది.

ఒక షార్ట్ ఫిల్మ్ చేశాం. నిర్మాత అంటే పెద్ద మాట గానీ, దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ షాపు నడిపే అన్న డబ్బులు పెట్టాడు. అందులో వానలో బస్టాప్ సీను ఒకటి ఉంది. షూటింగు రోజు పైపుతో పోసిన నీళ్ల చప్పుడు దేనికీ పనికిరాక, ఫ్రీసౌండ్‌లోంచి ఒక వాన తెచ్చి కింద పరిచాను. సినిమా యూట్యూబ్‌లో పెట్టాం, అందరూ చూశారు, మర్చిపోయారు. చాలా కాలం తర్వాత ఒక రాత్రి ఆయన ఫోన్.

“ఏంది తమ్మీ, మన పిక్చర్ల దొంగ మ్యూజిక్ పెట్టినవా? కాపీరైట్ అని మెయిలొచ్చింది.”

“ఎక్కడన్నా? మ్యూజిక్ మనవాడే కొట్టాడు కదా.”

“బస్టాప్ సీను కాడ అంట.”

“అక్కడ మ్యూజిక్కే లేదన్నా. వాన.”

“వానకు గూడ కాపీరైటా?”

ఉంటుంది మరి. వాన ఎవరిదీ కాదు గానీ దాని రికార్డింగు మాత్రం ఎవరో ఒకరిదే. జరిగింది ఏమిటంటే, నిద్ర పట్టడానికి వాన శబ్దాలంటూ ఆల్బములు వేసే ఒక కంపెనీ ఇదే రికార్డింగును ఉన్నదున్నట్టు తీసుకుని, తమ పేరు మీద నమోదు చేయించుకుంది. ఇక యూట్యూబ్ యంత్రం పోల్చి చూసుకుంది, మా సీను దొరికింది. వాళ్లు ఫ్రీగా తెచ్చుకున్న వానకి ‘ఇది మాది’ అని మా మీద క్లెయిమ్ వేశారు! మా వీడియో మీద వచ్చే డబ్బు ఎంతని? నెలకి నాలుగు ఇరానీ చాయ్‌లకి వస్తే ఎక్కువ. కానీ షాపులో పదిమంది ముందు ‘మా పిక్చర్’ అని చూపించుకునే మనిషికి పరువు సమస్య. నాకు పేరు సమస్య. ఎడిటర్ దొంగ సరుకు పెడతాడన్న మాట యూసుఫ్‌గూడలో బయల్దేరితే అమీర్‌పేట చేరడానికి ఎంతోసేపు పట్టదు.

క్లెయిమ్‌లో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అన్నది చూపిస్తారు. పాత హార్డ్ డిస్క్ తగిలించి, ప్రాజెక్టు తెరిచి, ఆ చోటుకి వెళ్లాను. కింది ట్రాకులో ఆ అంకెల పేరు అలాగే ఉంది. ఫ్రీసౌండ్ చిరునామా పక్కన ఒక స్లాష్, ఎస్, మళ్లీ స్లాష్, ఆ నంబరు కొడితే నేరుగా ఆ శబ్దం పేజీ తెరుచుకుంటుంది. ఎవరు ఎక్కించారు, ఏ తేదీన, ఏ లైసెన్సు కింద, అన్నీ అక్కడే ఉన్నాయి. తేదీ చూస్తే ఆల్బము కంటే ఏళ్ల ముందుది. లైసెన్సు సీసీ జీరో, అంటే ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, పేరు కూడా వేయక్కర్లేదు. ఇవే నాలుగు ముక్కలు లింకుతో సహా యూట్యూబ్‌లో అభ్యంతరం చెప్పే పెట్టెలో రాసి పంపాం. అవతలివాళ్లకి జవాబు చెప్పడానికి 30 రోజుల గడువు ఉంటుంది. అంతదాకా పోలేదు, ముందే వదిలేశారు. క్షమాపణ లాంటిదేమీ రాలేదు.

అదే సినిమాలో ఇంకో శబ్దం ఉంది, దూరంగా ఉరుము. అప్పట్లో నాతో ఉన్న కుర్రాడు దానికి ‘ఉరుము మంచిది’ అని పేరు మార్చి పెట్టాడు. ఎందుకైనా మంచిదని దాని మూలం కూడా వెతుకుదామని కూర్చున్నాను. ఉరుములు వినీ వినీ తెల్లారింది గానీ అది దొరకలేదు. చివరికి నా ఫ్రీసౌండ్ అకౌంటులో ఉండే అట్రిబ్యూషన్ లిస్టులో ఆచూకీ తగిలింది. దించుకున్నవన్నీ లైసెన్సుతో సహా అది జాబితాగా చూపిస్తుంది, ఫైలుగా కూడా దించుకోవచ్చు. మంచి ఏర్పాటే. కాకపోతే ఎవరి అకౌంటులో దించితే వాళ్ల జాబితాలోనే ఉంటుంది. కుర్రాడు తన అకౌంటులో దించుకుని మానేసి వెళ్లిపోతే మన దగ్గర మిగిలేది ఫైలు పేరొక్కటే.

ఇంత పొగిడాక కొన్ని మాటలు సవరించుకోవాలి. ఆ పేరు ఎవరు ఎక్కించారో చెబుతుంది, అసలు హక్కు ఎవరిదో చెప్పదు. బజారు సందడి అని ఒకటి దించారనుకోండి, వెనకాల ఏదో షాపు స్పీకర్లో హిట్టు పాట మోగుతుంటుంది. రికార్డు చేసినవాళ్లు సీసీ జీరో ఇచ్చినా ఆ పాట వాళ్ల సొత్తు కాదు కదా. అందుకే అంబియెన్స్, అంటే సీను వెనకాల పరిచే పరిసరాల చప్పుడు, ఏదైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వింటాను. నాన్ కమర్షియల్, అంటే డబ్బు వచ్చే పనికి వాడకూడదు, అని ఉన్నవాటి జోలికి అసలు పోను. వెతికేటప్పుడే లైసెన్సు ఫిల్టర్ పెట్టేస్తాను. బీబీసీ సౌండ్ ఎఫెక్ట్స్ భాండాగారం చూసి కూడా మనవాళ్లు సంబరపడతారు, అక్కడ ఉచితం అన్నది వ్యక్తిగత, చదువు, పరిశోధన అవసరాల వరకే. క్లయింటు పనికి కొనాల్సిందే.

“అందులో దొరకనిది లేదు” అని కుర్రాళ్లతో అనేవాణ్ణి. ఇప్పుడు అనను. తలుపు తెరుచుకున్న శబ్దం అడిగితే వందలు వస్తాయి, కానీ వాటి వెనక చెక్క ఫ్లోరు, కార్పెట్టు, మంచు దేశపు ఇల్లు వినబడతాయి. మన ఇంట్లో నాపరాళ్లు, ఇనప గేటు గడియ, పైన తిరిగే ఫ్యాను. ఫ్యాను లేని నిశ్శబ్దం పెడితే మధ్యతరగతి హాలు కూడా హాస్పిటల్ గదిలా ఉంటుంది. ఒకసారి అమెరికా గది నిశ్శబ్దం, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో వినబడే చప్పుడు, ఒకటి మా లొకేషన్ సౌండ్ కింద పెడితే ఏదో తెలియని ఊగుడు మొదలైంది. మిక్సింగు చేసే అన్న విని నవ్వి, “మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్లది 60. రెండు గుయ్యిమంటూ కొట్టుకుంటున్నాయ్” అన్నాడు. అప్పటినుంచి గది నిశ్శబ్దం మాత్రం లొకేషన్లోనే, అందర్నీ నోళ్లు మూయించి, ఒక నిమిషం రికార్డు చేయించుకుంటున్నాను. ప్రొడక్షన్ వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇంకో చిన్న జాగ్రత్త. లాగిన్ కాకుండా వినిపించేది కుదించిన ప్రివ్యూ. అసలు ఫైలు కావాలంటే లాగిన్ కావాల్సిందే. ప్రివ్యూనే పట్టుకొచ్చి ఫైనల్ మిక్స్ దాకా మోసుకెళ్లే అలవాటు మన దగ్గర ఉంది, మంచి స్పీకర్లలో అది దొరికిపోతుంది. వీడియో పనికి శాంపుల్ రేటు 48 కిలోహెర్ట్జ్ కావాలి, అక్కడ 44.1వి కూడా బోలెడు. సాఫ్ట్‌వేర్ మార్చుకుంటుంది కాబట్టి దానికి టెన్షన్ అక్కర్లేదు.

మీకు పనికొస్తుందా అంటే, మీ పనేంటన్నది బట్టి. నాది యూసుఫ్‌గూడలో ఒక గది, ఒక సిస్టమ్, షార్ట్ ఫిల్ములు, కాలేజీ ఆడ్‌లు, అప్పుడప్పుడు డాక్యుమెంటరీ. నాకు ఇది సరిపోతుంది. సౌండ్ డిజైనర్, అడుగుల చప్పుడు లాంటివి స్టూడియోలో చేసి రికార్డు చేసే ఫోలీ టీము ఉన్న పెద్ద సినిమాకి దీనితో పని తక్కువ, మహా అయితే రఫ్ కట్‌లో, అంటే మొదటి కచ్చా ఎడిట్‌లో, పెట్టుకోవడానికి. ఓటీటీకి ఇచ్చే పనులైతే నేను కూడా డబ్బు కట్టే లైబ్రరీకే పోతున్నాను. ప్రతి శబ్దానికీ నిర్మాణ సంస్థ పేరు మీద లైసెన్సు కాగితం ఉందా అని అడిగిన క్లయింటు ఒకరు తగిలారు. ఫ్రీసౌండ్ పేజీ ప్రింటు తీసి ఇస్తే, “దీని మీద సంతకం ఏదండీ?” అన్నారు. సీసీ జీరో మీద ఎవరి సంతకం తెచ్చేది!