మనవడి కోసం కొన్న శబ్దాల కార్డులు: 48లో ఒకటి తప్పు

మా కూతురు వాళ్లుండేది మాడ్రిడ్‌లో. మనవడికి ఐదేళ్లు. మొన్న ఫోన్‌లో "అవ్వా, కుక్క గ్వావ్ గ్వావ్ అంటుంది" అన్నాడు. "కాదు నాయనా, భౌ భౌ" అంటే ఒప్పుకోడే! వాడి మాటలు నాకూ రావాలని స్పానిష్, ఇంగ్లీషు శబ్దాల కార్డులు తెప్పించుకున్నా. 48 కార్డులు, నొక్కితే పలికే చిన్న స్పీకరు, 650 రూపాయలు. తిరుపతికి నాలుగో రోజుకే వచ్చింది.

జంతువుల కార్డులు బంగారం. పుంజు బొమ్మ నొక్కితే స్పానిష్‌లో "కికిరికీ" అంటుంది, మన కొక్కొరోకోకు తోబుట్టువే. ఇంగ్లీషు పుంజేమో "కాకడూడుల్‌డూ". స్పానిష్‌లో కోడిపిల్ల "పియో పియో", బాతు "క్వా క్వా". మన మాటల్లాగే చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు కుక్క "వూఫ్", బాతు "క్వాక్" హల్లు మీద ఠక్కున ఆగిపోతాయి. మా వీధి పిలకాయల నోట స్పానిష్ కూతలే ముందు పలికాయి. కప్ప మాత్రం అక్కడ "క్రోయాక్", ఇంగ్లీషులో "రిబిట్". రిబిట్ అని కూసే కప్ప అమెరికా పడమటి తీరంలోది. వాన కురిసిన రాత్రి అవిలాల చెరువు పక్కన మనకు వినపడేది బెకబెకే.

నాకు అన్నిటికన్నా నచ్చింది తలుపు కార్డు. ఇంగ్లీషులో తలుపు తట్టడమూ "నాక్", ఆ చప్పుడూ "నాక్ నాక్". స్పానిష్‌లో చప్పుడు "తోక్ తోక్", తట్టడాన్ని మాత్రం "యమార్" అంటారు, పిలవడమని అర్థం. మనకూ తట్టడం వేరు, టకటక వేరు కదా! ఈ కార్డు పట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నా.

బాధంతా నవ్వు కార్డుతోనే. స్పానిష్‌వాళ్లు నవ్వును 'జె' అక్షరంతో రాస్తారు గానీ, పలికేటప్పుడు అది గొంతులోంచి గరగరమని వచ్చే 'హ'. స్పీకరేమో "జాజాజా" అంటోంది. వినిపిస్తే మా వాడు "అది నవ్వు కాదవ్వా" అన్నాడు. అమ్మినవాళ్లకు రాస్తే పెట్టె మార్చారు, కొత్తదాంట్లోనూ అదే జాజాజా. విని నేర్చుకునే పిల్లల వస్తువులో ఇంత తప్పు ఎట్ల వదిలేశారో!

అయిదుకు నాలుగు నక్షత్రాలిస్తున్నా. నవ్వు కార్డు పక్కన పెట్టేసి మిగతా 47 పిల్లల చేతికివ్వండి. బ్యాటరీ మూతకు చిన్న స్క్రూ ఉంది, సన్న మొన స్క్రూడ్రైవరు దగ్గర పెట్టుకోండి.