ఎన్‌పీసీ1 యాంటీబాడీ కొనేవాళ్ళు శాంపిల్ మాత్రం మరిగించొద్దండి

ఎన్‌పీసీ1 అనేది లైసోజోమ్ (కణంలో పదార్థాల్ని అరిగించే సంచి) పొరలో ఉండే ప్రొటీన్, దాన్ని పట్టి చూపించేదే ఈ యాంటీబాడీ. అనంతపురంలో మా ల్యాబ్‌లో ఆర్నెల్లుగా వాడుతున్నాం దీన్ని, కుందేలులో తయారైన పాలీక్లోనల్ రకం, 100 మైక్రోలీటర్ల వయల్. చానా మంచి యాంటీబాడీ. కానీ వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గీతలుగా, అంటే బ్యాండ్లుగా చూసే పద్ధతి) అన్నిటికీ చేసినట్టు శాంపిల్‌ని 95 డిగ్రీల్లో ఐదు నిమిషాలు పెడితే మాత్రం బ్యాండే కనపడదు.

నేను రెండు నెలలు అదే చేసినాను. హెప్‌జీ2 అనే కాలేయ కణాల్ని పగలగొట్టి తీసిన లైసేట్‌లో, పోలిక కోసం చూసే బీటా యాక్టిన్ ప్రొటీన్ నల్లగా వస్తా ఉంది, ఎన్‌పీసీ1 దగ్గర తెల్లగా ఖాళీ, జెల్ బావుల అంచున మాత్రం పూసినట్టు ఒక మరక, నేనేమో యాంటీబాడీ చెడిపోయిందని ఏడుపొక్కటే తక్కువ. ఈ ప్రొటీన్ లైసోజోమ్ పొరని 13 సార్లు దాటుతుంది కదా, నీళ్ళంటే పడని ఆ ముక్కలన్నీ వేడికి ఒకదానికొకటి అంటుకొని ముద్దయిపోతే ఇంగ జెల్‌లోకి ఎట్లా దిగుతుంది? 37 డిగ్రీల్లో అరగంట పెట్టి, 6 శాతం జెల్ పోసి, రాత్రంతా కోల్డ్ రూంలో వెట్ ట్రాన్స్‌ఫర్ చేసి (జెల్‌లోని ప్రొటీన్లని బ్లాట్ కాగితం మీదికి ఎక్కించి), యాంటీబాడీని 1:1000గా పల్చన చేసి వేస్తే మరుసటి రోజు గీత గీసినట్టు ఒకే బ్యాండ్.

అయితే అది 180 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర వచ్చింది. 1278 అమైనో ఆమ్లాలకి లెక్కేస్తే 142 కిలోడాల్టన్లే కదా, వేరే ప్రొటీనేమో అక్కా అనింది మా జూనియర్. అడగాల్సిన మాటే. పీఎన్‌గేజ్ ఎఫ్ అనే ఎంజైమ్‌తో ప్రొటీన్‌కి అతుక్కున్న చక్కెరలు కోసేసి చూస్తే బ్యాండ్ కిందికి దిగింది, ఎన్‌పీసీ1 తయారవకుండా అణచే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ వేస్తే పల్చబడింది, అప్పుడు గానీ నాకు నమ్మకం కుదర్లేదు. ఈ ప్రొటీన్ పని చెయ్యకపోతే లైసోజోముల్లో కొలెస్ట్రాల్ పేరుకుపోయి చిన్నబిడ్డల నడక, మాట పోతాయి, నీమన్-పిక్ సీ రకం అంటారు, దాని జీన్ దొరికింది 1997లో. అట్లాంటి జబ్బు మీద పని చేస్తూ ఏదో ఒక బ్యాండ్ వచ్చిందిలే అని పేపర్‌లో పెట్టలేం.

ఇమ్యూనోఫ్లోరోసెన్స్‌కి (కణంలో ప్రొటీన్ ఎక్కడుందో మెరిసే రంగుతో మైక్రోస్కోప్‌లో చూడ్డానికి) అంత బాలేదు, 1:100 వేస్తే గానీ కనపడదు, వయల్ తొందరగా ఖాళీ అవుతుంది. కానీ చుక్కలు లైసోజోమ్ గుర్తుగా వాడే ల్యాంప్1 ప్రొటీన్‌తో బాగానే కలుస్తున్నాయి, యాంటీబాడీ కణం లోపలికి పోయేట్టు పొరకి రంధ్రాలు చేసే సాపోనిన్ వాడండి.

డెలివరీ మాత్రం ఘోరం. మే నెలలో బెంగళూరు నుంచి శుక్రవారం పంపినారు, సోమవారం మా చేతికొచ్చేసరికి డబ్బాలో ఐస్ ప్యాకులన్నీ నీళ్ళే, వయల్ పట్టుకుంటే వెచ్చగా తగిలింది. డీలర్‌కి ఫోన్ చేస్తే ఏం కాదు మేడం అన్నాడు. నిజంగానే ఏం కాలేదు, కానీ అనంతపురం ఎండలకి వేల రూపాయల సరుకుని అట్లా వదిలేస్తారా? వచ్చిన రోజే పది మైక్రోలీటర్ల చొప్పున ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టుకోండి. రెండో వయల్‌కి ఆర్డర్ పెట్టినా, ఈసారి సోమవారమే పంపాలని కాగితం మీద రాయించుకున్నా.