హైదరాబాద్‌లో నెలకోసారి జరిగే బండల నడక, నా రివ్యూ

వీకెండ్ ట్రెక్ పేరుతో డబ్బులు కట్టించుకుని, బస్సులో డీజే పెట్టి, కొండ మీద గ్రూప్ ఫోటో తీసి, చేతిలో ఒక టీషర్ట్ పెట్టి పంపించే ట్రిప్పులతో విసిగిపోయారా? అయితే ఈ రివ్యూ మీకోసమే.

హైదరాబాద్‌లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అని ఒక చిన్న సంస్థ ఉంది. నెలకోసారి ఆదివారం పూట రాక్ వాక్ పెడతారు, సభ్యులే కానక్కర్లేదు, ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరైనా వెళ్లొచ్చు. ట్రెక్కింగ్ క్లబ్ అనుకుని వెళ్తే మాత్రం కాసేపటికే డౌటొస్తుంది. పట్టుమని పది అడుగులు వేయకముందే ఎవరో ఒక బండ దగ్గర ఆగిపోతారు, అంత పెద్దది అంత చిన్న ఆధారం మీద ఎలా నిలబడిందని చర్చ మొదలవుతుంది, ఇంకొకరు చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తుంటారు, ఈలోగా ఎండెక్కుతుంది.

ఈ నడక ఇలా ఎందుకు ఉంటుందో తెలియాలంటే అది ఎలా పుట్టిందో చూడాలి. 1990ల్లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో ప్లాటు కొన్నవాళ్లు ముందు చేయించే పని బండలు పగలగొట్టించడమే. డ్రిల్లింగు, బ్లాస్టింగు, కంకర లారీలు, అదే పనిగా. కళ్లముందే గుట్టలు మాయమైపోతుంటే చూడలేక కొంతమంది చిత్రకారులు, ఫోటోగ్రాఫర్లు, పర్యావరణం గురించి పట్టించుకునేవాళ్లు ఒక్కటై 1996లో ఈ సొసైటీ పెట్టారు. కొండలెక్కే సరదాతో మొదలైంది కాదిది. నాకర్థమైనంతవరకు వాళ్ల లెక్క చాలా సింపుల్: ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని ఎంత తిరిగినా, ఆ రాయిని ఒక్కసారైనా దగ్గరగా చూడనివాడు దానికోసం నోరు విప్పడు, అందుకే ఈ నడక.

హైదరాబాద్ చరిత్ర మీద ఎంతో రాసిన ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ ఈ సొసైటీకి అధ్యక్షుడిగా ఉండేవారు, 2021లో పోయారు. బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు స్థలంలోని బండను పగలగొట్టించకుండా, దాన్ని ఇంట్లోనే ఉంచుకుని చుట్టూ కట్టుకున్న మనిషి ఆయన. ఇక జర్మనీలో పుట్టి ఇక్కడే స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ గారు కార్యదర్శిగా ఏళ్ల తరబడి దీన్ని నడిపించారు. మన ఊరి బండల కోసం జర్మనీ ఆవిడ కొట్లాడుతుంటే మనం వంటింట్లో గ్రానైట్ గట్టు ఎంత నున్నగా ఉందో చూసుకుని మురిసిపోతున్నాం, ఏం చెప్తాం!

వీళ్ల ప్రయత్నాలు ఊరికే పోలేదు. నగరంలోని తొమ్మిది రాతి గుట్టలు, బండలు హెరిటేజ్ జాబితాకి ఎక్కాయి. సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని మష్రూమ్ రాక్, శిల్పారామంలో ‘ఎలుగుబంటి ముక్కు’ అని పిలిచే బండ, మౌలాలీ దగ్గరి సెంటినెల్ రాక్, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు అందులోవే. రాళ్లను కూడా కోటలు, మహళ్లతో సమానంగా వారసత్వం కింద లెక్కేయడం మామూలు విషయమేం కాదు. జాబితాలో పేరుంటే చాలు, ఇక వాటికి ఢోకా లేదని మాత్రం అనుకోకండి, దుర్గం చెరువు చుట్టూ ఇప్పుడు ఏం లేచిందో ఒకసారి చూసి రండి.

ఈ నడకల్లో నాకు బాగా నచ్చింది గచ్చిబౌలి దగ్గరి ఖాజాగూడ. దర్గా, అనంత పద్మనాభస్వామి గుడి, గుహ అన్నీ ఒకే గుట్టల వరసలో ఉంటాయి, ఇంకోపక్క కుర్రాళ్లు బండలు ఎక్కడం ప్రాక్టీస్ చేస్తుంటారు, వాటన్నిటి వెనకాల అద్దాల టవర్లు. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే అయింది, ఆ లెక్కన అవి నిన్నగాక మొన్న పుట్టినట్టు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడింది, పైనున్న పొరలు అరిగిపోతూ అది బయటపడింది, పగుళ్ల వెంట నీళ్లు దిగి, ఎండావానలకు అంచులు రాలిపోయి చివరికి ఇలా గుండ్రంగా తేలింది. అంటే ఒకదానిమీద ఒకటి ఉన్న బండలు ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చి ఆగినవి కావు, చాలావరకు ఉన్నచోటే ఒకే రాయి ముక్కలై అలా నిలబడింది. ఈ సంగతి తెలిశాక ఔటర్ రింగ్ రోడ్ మీద వెళ్తున్నా కళ్లు గుట్టల వైపే పోతున్నాయి.

ఇక ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. స్మార్ట్ వాచీలో అడుగులు లెక్కపెట్టుకునేవాళ్లకి టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. గుట్టల మీద నీడ తక్కువ, కాస్త పొద్దెక్కితే రాయి కాలుతుంది. వానాకాలంలో పచ్చగా కళకళలాడుతుంది కానీ నాచు పట్టిన రాయి జారుతుంది, పట్టున్న బూట్లు లేకుండా వెళ్లొద్దు. టోపీ, నీళ్లు మనమే తెచ్చుకోవాలి. స్కూలు పిల్లల్ని మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్లు అడిగే ప్రశ్నలకి మన దగ్గర జవాబులు ఉండవు, అక్కడ ఎవరో ఒకరు చెప్తారు.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు తగ్గించింది చెమట పట్టేంత నడక లేనందుకు. చెమటే కావాలంటే భువనగిరి కోట ఎక్కండి, మిగతాది మర్నాడు మోకాళ్లే చెప్తాయి.