అన్ని చేపలకూ సురక్షితమన్న అలంకరణ రాళ్ల పెట్టె: నెల రోజుల పరీక్ష తరువాత

అన్ని రకాల చేపలకూ సురక్షితమని అట్టపై ముద్రించిన 10 కిలోల అక్వేరియం రాళ్ల పెట్టెను తెప్పించి, నెల రోజులు పరిశీలించిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. అందులో నల్లని పలకరాయి, ఎర్రని లావా రాయి, తెల్లని చారలున్న బూడిదరంగు రాయి కలిపి ఉన్నాయి.

పలకరాయి చాలా నాణ్యమైనది. నీటి గుణాన్ని మార్చలేదు, గుహలా పేర్చడానికి చక్కగా ఒదిగింది. అంచులు పదునుగా ఉన్నందున, పొడవైన రెక్కలున్న చేపలను పెంచేవారు వాటిని ఆకురాయితో అరగదీసిన తరువాతే వాడాలి. లావా రాయి ధూళి వదలడానికి నాలుగు కడుగులు పట్టింది గానీ, అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు దాని రంధ్రాలు మంచి ఆవాసం.

నా అభ్యంతరమంతా మూడవ రాయిపైనే. దాని తెల్లని చారలపై వెనిగర్ చుక్కలు వేయగానే నురగ వచ్చింది. అంటే అందులోని కాల్షియం కార్బనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వెలువరిస్తున్నదన్నమాట. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కనుక నురగ రాకపోయినంత మాత్రాన రాయిని నమ్మలేము. అందుకే మూడు రకాలనూ వేర్వేరు బకెట్లలో వారం రోజులు నానబెట్టి చూశాను. బూడిదరంగు రాయి ఉన్న బకెట్‌లో మాత్రమే కార్బనేట్ కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కార్బనేట్, బైకార్బనేట్‌ల కొలత, 4 డిగ్రీల నుంచి 7 డిగ్రీలకు పెరిగింది. క్షార గుణమున్న గట్టి నీటికి (ఖనిజాలు ఎక్కువగా కరిగిన నీటికి) అలవాటుపడిన ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్ చేపలకు ఇది మేలే చేస్తుంది. మెత్తని నీరు కోరే డిస్కస్, నియాన్ టెట్రా వంటి చేపలకు తగదు. రాయి విషం కాదు, కానీ అట్టపై మాట తప్పు.

ఒక రాతిలో లోహపు మెరుపున్న చార, దాని చుట్టూ తుప్పు మరక కనిపించాయి. రాగి వంటి లోహాలు కొద్దిపాటి మోతాదులోనే రొయ్యలకూ నత్తలకూ ప్రాణాంతకం కనుక, ఆ రాయిని పరీక్షించకుండానే పక్కన పెట్టేశాను.

పెట్టెలోని సూచనల కాగితం రాళ్లను 20 నిమిషాలు మరిగించమంటున్నది. ఈ సలహాను దయచేసి పాటించవద్దు. లోపల చిక్కుకున్న తేమ ఆవిరై రాయి పగిలితే, వేడి ముక్కలు ముఖం మీదికి ఎగరవచ్చు. సబ్బు లేకుండా గట్టి బ్రష్‌తో పారే నీటి కింద రుద్ది, నీరు మారుస్తూ కొన్ని రోజులు నానబెట్టడం ఎంతో క్షేమం. బ్లీచ్ కలిపిన నీటిని వాడేవారు తరువాత క్లోరిన్‌ను తొలగించే ద్రావణంలో రాళ్లను నానబెట్టి తీరాలి. బ్లీచ్‌ను లోపలికి పీల్చుకునే లావా రాయికి నేను దానిని అసలు వాడను.

పెద్ద రాళ్లను ఇసుక పోయకముందే తొట్టి అడుగున నిలపాలన్న సూచన ఆ కాగితంలో లేకపోవడం మరో లోపం, ఎందుకంటే ఇసుక తవ్వే చేపలుంటే పైన పెట్టిన రాయి ఒరిగి అద్దాన్ని పగలగొట్టగలదు. మూడు రకాలనూ విడివిడిగా అమ్మి, బూడిదరంగు రాయిపై అది నీటి కాఠిన్యాన్ని పెంచుతుందని స్పష్టంగా ముద్రించమని తయారీదారుకు రాశాను. అప్పటివరకు ఈ పెట్టెను మలావీ సిక్లిడ్‌లు పెంచేవారికి మాత్రమే సిఫారసు చేస్తాను.