‘ఎనిమిది మందికి’ అన్న ఇళ్లలో పడకలు: నెల్లూరు, మైపాడు, ఒంగోలు

ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లేటప్పుడు లాడ్జి కంటే రోజువారీ అద్దె ఇల్లే మేలు. మూడు గదులు తీసుకుని తలోచోట పడుకునే బాధ ఉండదు, పిల్లలకు అర్ధరాత్రి పాలు కాచుకోవచ్చు. కాకపోతే యాప్‌లో ‘8 మందికి’ అని ఉన్న ఇళ్లలో చాలావాటికి మంచాలు నలుగురికే ఉంటాయి. మిగతా నలుగురి సంగతి తలుపు తీశాకే తెలుస్తుంది. అందుకే ఈసారి మూడు ఊళ్లలోనూ నేను మొదట చూసింది ఆ నలుగురి పడకే.

మేం బయల్దేరింది రొట్టెల పండుగకి. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు పట్టుకుంటారు. మా చెల్లెలు పట్టుకున్న ఉద్యోగం రొట్టె ఫలించింది, ఇక తను పంచాలి. పండుగ నాళ్లలో ఊళ్లో గది దొరకడం గగనం కాబట్టి చాలా ముందే దర్గామిట్ట వైపు ఒక మేడమీది పోర్షన్ మాట్లాడుకున్నాం.

ఆ ఇంటివాళ్లు ఫోన్లోనే అడిగారు: పెద్దవాళ్లు ఎందరు, పిల్లల వయసెంత, కింద పడుకోలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులని చెప్పాను. వెళ్లేసరికి ఆమె మంచం బాత్రూమ్‌కి దగ్గరగా, గోడవారగా జరిపి ఉంది. హాల్లో రెండు మడత మంచాలు, పక్కన నాలుగంగుళాల మందం పరుపులు చుట్టి పెట్టి ఉన్నాయి. నాకు బాగా నచ్చింది దుప్పట్లు సర్దిన తీరు. ఒక్కో మనిషికి కావలసిన పక్కదుప్పటి, కప్పుకునే దుప్పటి మడిచి, ఆ మనిషి దిండు గలీబులోనే పెట్టేశారు. రాత్రి చెరువు దగ్గర్నుంచి అలసిపోయి వచ్చాం, ఎవరి గలీబు వాళ్లు తీసుకున్నారు, ఐదు నిమిషాల్లో పక్కలు పరుచుకున్నాం. బీరువాలో వెతకడాలు, మంచి దుప్పటి కోసం పిల్లల పోట్లాటలు ఏమీ లేవు. ఇల్లుగలావిడ మెట్ల మీంచి కేకేసి మరీ చెప్పింది: “ఇంకో రెండు బొంతలు కిందుండాయి, మొహమాటపడబాకండి అన్నా.” అదనపు మనిషికి రాత్రికి 300 తీసుకున్నారు. ముందే చెప్పిన మాట, సంతోషంగా ఇచ్చాం.

మైపాడులో ఇందుకు పూర్తిగా విరుద్ధం. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే, బీచ్ చక్కగా ఉంది. పొద్దున్నే వలలు లాగడం చూసి పిల్లలు కదలనన్నారు. ఇంటి ఫోటోలూ అందంగానే ఉన్నాయి. రాత్రి పదిన్నరకి అదనపు పరుపులు అడిగితే కాపలాదారు రెండు చాపలు, ఒక పల్చటి పరుపు తెచ్చి వేశాడు. ఆ పరుపు సముద్రపు గాలికి చెమ్మెక్కి ముక్కవాసన కొడుతోంది. తీరంలో పరుపు వాడినా వాడకపోయినా తరచూ ఎండలో వేయాల్సిందే, ఆ పని ఎవరూ చేసినట్టు లేదు. పైగా ఏసీ లోపలి రెండు గదుల్లోనే. హాల్లో పడుకున్న మాకు ఒక ఫ్యాను, కిటికీలకు దోమల జాలీ లేదు. అద్దె మాత్రం ఎనిమిది మందికీ సమానంగా పట్టారు. ఇది నాకు అన్యాయంగా తోచింది. అదనపు పడకంటే దాదాపు ఎప్పుడూ హాలే, అలాంటప్పుడు గాలీ దోమతెరా ముందు చూడాల్సింది అక్కడే కదా!

మా బావ గాలిపరుపు వెంట తెచ్చాడు. అది గదిలో ఏసీ కింద వేస్తే తెల్లారేసరికి మెత్తబడిపోయింది. చిల్లేమీ పడలేదు, చల్లదనానికి లోపలి గాలి కుంచించుకుంటుంది అంతే. పడుకునే ముందు కాస్త మళ్లీ ఊది, పైన మందపాటి బొంత పరిస్తే నడుముకి చల్లదనం తగలదు. పదేళ్ల లోపు పిల్లలకు ఇది బాగానే సరిపోతుంది, పెద్దవాళ్లకు నేను చెప్పను.

ఒంగోలులో ఒక్క రాత్రే, కొత్తపట్నం బీచ్ చూసుకుని వచ్చేద్దామని. అక్కడ అపార్ట్‌మెంట్లో సోఫా కమ్ బెడ్ ఉంది. తెరిస్తే ఇద్దరికి సరిపడా వెడల్పే, కానీ రెండు ముక్కలు కలిసే చోట ఇనప కడ్డీ సరిగ్గా నడుం కింద తగులుతుంది. యజమానికి ఫోన్ చేస్తే అరగంటలో రెండు మడతల దూది బొంత పంపించాడు, అది పరిచాక బాబాయి హాయిగా నిద్రపోయాడు. వస్తువులో లోపం ఉన్నా మనిషి పలికాడు, ఆ ఇంటికి మళ్లీ వెళ్తాను. ఆరుగురు దాటితే మాత్రం వద్దు. పరుపులన్నీ పరిచాక బాత్రూమ్‌కి దారి ఉండదు, చీకట్లో పెద్దవాళ్లు తట్టుకుని పడే ప్రమాదం ఉంది.

మీరు వెళ్లేటట్టయితే బుక్ చేసే ముందే అదనపు పరుపుల ఫోటో, అవి వేసే చోటు ఫోటో అడిగి తెప్పించుకోండి. నెల్లూరు ఇంటావిడ అడక్కుండానే పంపింది. మైపాడు వాళ్లు “వచ్చాక చూసుకుందాం సార్” అన్నారు.