బోర్డు పోయింది, బాకీ ఎవరిది? నాలుగు దారుల్లో ఏది మేలు

ప్రభుత్వ సంస్థను రద్దు చేస్తూనో విలీనం చేస్తూనో ఉత్తర్వు వస్తే, పేపర్లన్నీ ఉద్యోగుల గురించే రాస్తాయి. ఆ సంస్థ నుంచి డబ్బు రావలసినవాళ్ళు ఇంకా ఉంటారు. పింఛనుదారు, బిల్లు పెండింగ్‌లో పడ్డ కాంట్రాక్టరు, డిపాజిట్ కట్టి సరుకిచ్చిన చిన్న సప్లయరు, ప్రమాద పరిహారం కోసం కోర్టు చుట్టూ తిరుగుతున్న కుటుంబం. వీళ్ళ వైపు నుంచి చూస్తే ఏ దారి నయం? మన రెండు రాష్ట్రాలూ చూసిన పద్ధతులనే పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డుకు పట్టిన దారి. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టం ప్రకారం బోర్డు ఆస్తులు, అప్పులు, హక్కులు, బాధ్యతలు ముందు రాష్ట్ర ప్రభుత్వానికి దఖలుపడి, అక్కడి నుంచి బదలాయింపు స్కీమ్ ద్వారా ఫిబ్రవరి 1న జెన్‌కో (ఉత్పత్తి సంస్థ), ట్రాన్స్‌కో (సరఫరా సంస్థ)లకు చేరాయి. మరుసటి ఏడాది పంపిణీ పని నాలుగు డిస్కంల (పంపిణీ కంపెనీల) చేతికి వెళ్ళింది. ఇందులో ఉన్న సుఖం ఒక్కటే, కానీ పెద్దది: బాకీ ఎవరిదీ కాకుండా పోయిన రోజంటూ లేదు. పాత పింఛన్ల భారానికి జెన్‌కో బాండ్లు, ట్రస్టు ఏర్పాటయ్యాయి. ఆ బాండ్ల మీది అదనపు వడ్డీ టారిఫ్ ఉత్తర్వుల్లో ఒక పద్దుగా కనిపిస్తుంది. అంటే బోర్డు నాటి బాధ్యతలో కొంత మన కరెంటు బిల్లులోకే వచ్చి చేరింది. వినియోగదారుడికి ఇది చేదుగా ఉండొచ్చు, పింఛనుదారుకు మాత్రం నెలనెలా డబ్బు వచ్చే మార్గం ఉంది.

దీనికీ ఒక ముల్లుంది. 1999 జనవరి 31లోపు చేరినవాళ్ళకు జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల తరహా భవిష్య నిధి)తో పాత పింఛను, ఆ తర్వాత చేరినవాళ్ళకు ఈపీఎఫ్ (కంపెనీ ఉద్యోగుల భవిష్య నిధి). ఒకే సబ్‌స్టేషన్‌లో పనిచేసిన ఇద్దరిలో ఒకరికి జీవితాంతం పింఛను, ఇంకొకరికి ప్రధానంగా పీఎఫ్ ఖాతాలో పోగైనంత. తమకూ జీపీఎఫ్ కావాలని తర్వాత చేరినవాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. స్కీమ్‌లో రాసిన ఒక తేదీకి ఉన్న బలం అది.

రెండోది 2014 దారి, పంపకం. విభజన చట్టం 53వ సెక్షన్ చదివితే అంతా తేలిగ్గానే అనిపిస్తుంది. సంస్థ కార్యకలాపాలు ఒక ప్రాంతానికే పరిమితమైతే ఆస్తులూ అప్పులూ ఆ రాష్ట్రానివే. రెండు వైపులా ఉంటే యూనిట్లు ఎక్కడివి అక్కడే, ప్రధాన కార్యాలయం మాత్రం జనాభా నిష్పత్తిలో 58.32, 41.68 శాతాలుగా పంచుకోవాలి. చిక్కంతా ప్రధాన కార్యాలయం అన్న మాట దగ్గరే వచ్చింది. హెడ్డాఫీసు భవనం ఒక్కటేనా, సంస్థ మొత్తానికీ ఉమ్మడిగా పనికొచ్చే ఆస్తులన్నీనా? ఆ చట్టం తొమ్మిదో షెడ్యూలులో 91, పదో షెడ్యూలులో 142 సంస్థలు. పంపకం తేల్చడానికి వేసిన షీలా భిడే కమిటీ సిఫార్సులు ఇచ్చినా ఒప్పందం కుదరలేదు. చివరికి 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపకం కోసం సుప్రీంకోర్టుకెక్కింది.

ఆస్తి తేలకపోతే రెండు ప్రభుత్వాలకూ పెద్దగా పోయేదేమీ లేదు. బాకీ తేలకపోతే నలిగేది మనిషి. 2015 జూన్‌లో తెలంగాణ విద్యుత్ సంస్థలు ఆంధ్ర స్థానికత పేరుతో 1,157 మందిని రిలీవ్ చేశాయి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్థలేమో చేర్చుకోబోమన్నాయి. జీతం ఎవరివ్వాలన్నదే వివాదమైపోయింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ధర్మాధికారి కమిటీ వచ్చి తేల్చేదాకా ఎవరికి వారే యమునా తీరే. నన్నడిగితే, నాలుగింటిలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ దారే. చట్టంలో హక్కుంటుంది, చెక్కు మీద సంతకం పెట్టే చెయ్యే దొరకదు.

మూడోది మూసివేత. కంపెనీగా రిజిస్టరైన సంస్థను లిక్విడేషన్‌కు పంపితే వరస ఖరారుగా ఉంటుంది. దివాలా స్మృతి ప్రకారం ప్రక్రియ ఖర్చులు పోగా, ముందు కార్మికుల 24 నెలల బకాయిలు, వాటితో సమానంగా తనఖా ఉన్న బ్యాంకులు. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు లెక్కలోకే రావు, విడిగా ఉంటాయి. హామీ లేని సప్లయరు వంతు దాదాపు చివర్లో. వాటాలన్నీ ప్రభుత్వానివే కదా, ప్రభుత్వాన్నే అడుగుదామంటే, కంపెనీ వేరు, యజమాని వేరు అంటుంది చట్టం. 2003 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎరువుల కార్పొరేషన్ ఉద్యోగుల కేసులో ఇదే తర్కంతో వేతన సవరణ భారం ప్రభుత్వం మీద పెట్టలేమంది. మన పాత రామగుండం ఫ్యాక్టరీ ఆ కార్పొరేషన్‌దే. రెండు వారాలు తిరిగేసరికి బిహార్ ప్రభుత్వ సంస్థల్లో జీతాల్లేక ఆకలిచావులన్న కేసులో అదే కోర్టు జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం ఎత్తిచూపి, రూ.50 కోట్లు డిపాజిట్ చేయమని రాష్ట్రాన్ని ఆదేశించింది. రెండూ చదివాక నాకర్థమైంది: ప్రాణం మీదికొస్తే కోర్టు కంపెనీ అనే ముసుగు తీసి వెనకున్న ప్రభుత్వాన్ని అడుగుతుంది, బిల్లు కోసమైతే తీయదు.

నాలుగోది ఆర్టీసీ దారి. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగులు ప్రజా రవాణా శాఖలోకి వెళ్ళారు, కార్పొరేషన్ మాత్రం ఉంది. ఉద్యోగికి జీతం భద్రం. ప్రమాద బాధితుడికీ నష్టం లేదు. బస్సు కార్పొరేషన్ పేరు మీదే ఉంది, కోర్టు చెప్పిన పరిహారం కట్టకపోతే అమీను (కోర్టు ఉద్యోగి) వచ్చి డిపోలోని బస్సునే జప్తు చేస్తాడు. చిక్కు పాత అప్పుల దగ్గర. జీతాల్లో కోసి ఉద్యోగుల క్రెడిట్ సొసైటీకి జమ చేయని డబ్బు ఎవరు కట్టాలి, కార్పొరేషన్‌లో కేంద్రం వాటా సంగతేమిటి? 2023లో తెలంగాణ విలీనం బిల్లు గవర్నర్ దగ్గర ఆగినప్పుడు వచ్చిన సందేహాల్లో కేంద్రం వాటా, విభజన చట్టం చిక్కులు ఉన్నాయి. రోడ్డు రవాణా సంస్థల చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఆర్టీసీని మామూలు కంపెనీలా దివాలా తీయించడం కూడా కుదరదు.

నా ఓటు మొదటి దారికే, ఒక షరతుతో: కొత్త సంస్థ కట్టలేకపోతే రాష్ట్రం కడుతుందన్న హామీ స్కీమ్‌లోనే రాసి ఉండాలి. మంత్రిగారి ప్రకటన కోర్టులో పనికిరాదు. రెండో స్థానం ఆర్టీసీ పద్ధతికి. సప్లయరైతే మూడోదానికీ దూరంగా, రెండోదానికి ఇంకా దూరంగా ఉండమంటాను.

ఇప్పటికే కేసు నడుస్తున్నవాళ్ళు స్కీమ్‌లో పెండింగ్ దావాల క్లాజు ఎలా ఉందో చూసుకోవాలి. అది లేకపోయినా, స్పష్టంగా లేకపోయినా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 22, రూల్ 10 కింద వారసత్వ సంస్థను పార్టీగా చేర్చమని పిటిషన్ వేయించండి. లేని బోర్డు పేరు మీద డిక్రీ తెచ్చుకుంటే, అమలు దశలో మళ్ళీ మొదటి నుంచి వాదించుకోవాలి.