పద్నాలుగేళ్ళు లెన్సులు వాడాక మళ్ళీ కళ్ళజోడుకే వచ్చాను

నాకు ఏడో తరగతిలో సైట్ వచ్చింది. బోర్డు మీద రాసింది కనపడక పక్కనమ్మాయి నోట్సులో చూసి రాసుకుంటుంటే టీచరుగారు పట్టుకుని ఇంటికి కబురు పెట్టారు. అప్పుడు మైనస్ 1.5. డిగ్రీకి వచ్చేసరికి 5 దాటింది. ఇప్పుడు కుడి కంటికి మైనస్ 6, ఎడమ కంటికి మైనస్ 5.5, ఎడమదానికి అదనంగా 0.75 సిలిండర్ (గుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) కూడా ఉంది. ఈ నంబర్లు ముందే ఎందుకు చెబుతున్నానంటే, మైనస్ ఒకటో ఒకటిన్నరో ఉన్నవాళ్ళకి నేను చెప్పేవాటిలో సగం అవసరం పడకపోవచ్చు. పొద్దున్నే కళ్ళు తెరవగానే దిండు పక్కన చెయ్యి పెట్టి అద్దాల కోసం తడుముకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

2011లో కాంటాక్ట్ లెన్సులకి మారాను. కారణం పెళ్ళిచూపులు, దాచడం ఎందుకు. "ఒక్క ఫొటో అయినా కళ్ళజోడు లేకుండా దిగవే" అని అమ్మ వెంటపడేది, స్కూల్లో సోడాబుడ్డి అని పిలిపించుకున్న బాధ నాకూ లోపల ఉండేది. ఆప్టికల్ షాపులో మొదటి రోజు రెండు లెన్సులు పెట్టుకోవడానికి ముప్పావుగంట పట్టింది. వేలు దగ్గరకొచ్చేసరికి రెప్ప మూసుకుపోయేది. అక్కడి అమ్మాయి చాలా ఓపిగ్గా నేర్పింది: వేలి కొన మీద లెన్సు నిలబెట్టి పక్కనుంచి చూస్తే గిన్నెలా గుండ్రంగా ఉండాలి, అంచులు పళ్ళెంలా బయటికి విచ్చుకున్నాయంటే అది తిరగబడిందన్నమాట. ఈ ఒక్క ముక్క తెలియక తిరగబడిన లెన్సు పెట్టుకుని రోజంతా గుచ్చుకుంటోందని బాధపడేవాళ్ళని చూశాను.

పెట్టుకున్నాక బయట టీ తాగుతుంటే చేతిలో గ్లాసు పెద్దగా కనపడింది. నా చెయ్యే కొత్తగా ఉంది. మైనస్ అద్దాలు వస్తువుల్ని కాస్త చిన్నవి చేసి చూపిస్తాయి, పవర్ ఎక్కువయ్యేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. లెన్సు కంటికి అంటుకునే ఉంటుంది కాబట్టి అది చాలా తగ్గిపోతుంది. పదమూడేళ్ళు నేను చూసినవన్నీ వాటి అసలు సైజు కన్నా చిన్నవేనని ఆ టీ బండి దగ్గర తెలిసింది. అదే కారణంగా పవర్ కూడా మారుతుంది. కళ్ళజోడులో నాది మైనస్ 6 అయితే లెన్సులో 5.5 సరిపోయింది. కాబట్టి 4 దాటిన పవర్ ఉన్నవాళ్ళు కళ్ళజోడు చీటీ చూసి లెన్సులు తెప్పించుకోకండి, లెన్సుకి విడిగా పరీక్ష చేయించుకోండి. సిలిండర్ విషయమూ అంతే. మొదట్లో నాకు మామూలు లెన్సులే ఇచ్చారు, ఎడమ కంటితో చూస్తే బస్సు బోర్డు మీద అక్షరాలకి నీడ పడ్డట్టు ఉండేది. సిలిండర్‌ని కూడా సరిచేసే టోరిక్ లెన్సుకి మారాకే అది పోయింది.

స్కూటీ మీద వెళ్తుంటే ఫ్రేము అంచు అడ్డం లేకుండా పక్కలన్నీ కనపడటం, వానలో అద్దాల మీద చినుకులు పడకపోవడం, హెల్మెట్ పెట్టుకునేటప్పుడు కాడలు చెవుల మీద నొక్కకపోవడం, ఈ సుఖాలు చిన్నవేమీ కావు. మొదటి మూడేళ్ళు కళ్ళజోడు ఊసే ఎత్తలేదు.

ఇక చేతుల సంగతి. లెన్సు వాడటమంటే రోజంతా మీ చేతులు ఏం ముట్టుకున్నాయో గుర్తుపెట్టుకోవడమే. పెళ్ళిరోజు రాత్రి పసుపు పూర్తిగా పోని వేళ్ళతో లెన్సులు తీశాను, ఎంత రుద్దినా ఆ పచ్చదనం వదల్లేదు, కొత్త జత అలాగే పారేశాను. ఇంకో వేసవిలో అమ్మతో కలిసి ఆవకాయ కలిపాను. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను, వాసన కూడా లేదు. సాయంత్రం లెన్సు తీయడానికి వేలు పెట్టగానే కంట్లో నిప్పు పడ్డట్టయింది. మర్నాడు అదే లెన్సు పెట్టుకుంటే మళ్ళీ మంట, కారం దానికీ పట్టేసింది. మిరపకాయ ఘాటు నూనెలో కరుగుతుంది, నీళ్ళకి అంతగా లొంగదు. అందుకని ఇప్పుడు కారం ముట్టుకున్న రోజు ముందు చేతులకి కొబ్బరినూనె పట్టించి, తర్వాత సబ్బుతో కడుగుతాను. అసలు పచ్చళ్ళ రోజు లెన్సులే పెట్టుకోను.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. 2016 ఆగస్టులో జరిగింది మాత్రం వేరు. కృష్ణా పుష్కరాలకి విజయవాడ వెళ్ళాం. తెల్లవారుజామున ఘాట్ దగ్గర జనం, చెయ్యి పట్టుకుని అత్తయ్యగారు, అద్దాలు ఎక్కడ పెట్టాలన్న బెంగ లేకుండా లెన్సులతోనే దిగి మూడు మునకలు వేశాను. కళ్ళు మూసుకునే ఉన్నానుగా అనుకున్నాను. ఆ రోజంతా అవే లెన్సులు. రెండో రోజుకి కుడి కన్ను ఎర్రబడింది, మూడో రోజు ఇసుక పోసినట్టు నొప్పి, కిటికీ వెలుతురు కూడా చూడలేకపోయాను. డాక్టరుగారు కంట్లో పసుప్పచ్చ మందు చుక్క వేసి, నీలం లైటుతో చూసి, వెంటనే అడిగిన మాట: "నీళ్ళలో ఏమైనా దిగావా అమ్మా, లెన్సులతో?" నల్లగుడ్డు మీది పొర, అదే కార్నియా, దాని మీద పుండు మొదలైంది. నా లెన్సులు, వాటి డబ్బా కూడా తెమ్మని పరీక్షకి పంపించారు. మొదటి రెండు రోజులు గంటకోసారి చుక్కలు, రాత్రుళ్ళు కూడా. మావారు అలారం పెట్టుకుని లేచి వేసేవారు. తగ్గడానికి మూడు వారాలు పట్టింది. కనుపాపకి పక్కగా చిన్న మచ్చ మిగిలింది, నడిమధ్యలో పడుంటే ఆ కంటి చూపే మసకబారేదని చెప్పారు.

నాకు వచ్చింది బాక్టీరియా వల్ల, మందులకి లొంగింది. ఏటి నీళ్ళు, బావి నీళ్ళు, చివరికి కుళాయి నీళ్ళలో కూడా అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చని, లెన్సు వాడేవాళ్ళకి అది సోకితే నెలల తరబడి వైద్యం చేయాల్సి వస్తుందని, కార్నియా మార్పిడి దాకా పోయినవాళ్ళూ ఉన్నారని అప్పుడే విన్నాను. నది నుంచి వాష్‌బేసిన్ దాకా ఏ నీళ్ళయినా అంతే. తలస్నానం చేసేటప్పుడు, ఈత కొట్టేటప్పుడు లెన్సులు తీసేయాలి. లెన్సుని గానీ డబ్బాని గానీ కుళాయి కింద కడగకూడదు. డబ్బాలో లెన్సులు నానబెట్టిన పాత ద్రావణం పారబోసి కొత్తది పోయాలి, ఉన్నదాని మీదే ఇంకాస్త పోయకూడదు. డబ్బాని మూడు నెలలకోసారి మార్చాలి. ఇవన్నీ పెట్టె మీద రాసే ఉంటాయి, ఐదేళ్ళలో నేను ఒక్కసారి కూడా చదవలేదు.

పెట్టుకుని నిద్రపోవడం గురించి కూడా చెప్పాలి. కార్నియాకి రక్తనాళాలు ఉండవు, పగలు దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు గాలి నుంచే వస్తుంది. లెన్సు పైన రెప్ప కూడా మూస్తే ఆ గాలి తగ్గిపోతుంది. రాత్రి రైల్లో ఒకసారి అలాగే నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి లెన్సు గుడ్డుకి అతుక్కుపోయింది. కంగారుపడి గిల్లకుండా, కంటి చుక్కలు వేసుకుని పదిహేను నిమిషాలు ఆగితే అదే కదిలింది. ఇప్పుడు రైలెక్కే ముందే తీసేస్తాను.

2020లో మాస్కులు వచ్చినప్పుడు కళ్ళజోడు ఎంత ఇబ్బందో అందరికీ తెలిసింది, శ్వాస వదిలితే చాలు అద్దాలు మసక. బయటికి వెళ్తే అప్పుడు లెన్సులే హాయి. కానీ ఇంట్లోంచి పని మొదలయ్యాక రోజుకి పది గంటలు లాప్‌టాప్ ముందే, స్క్రీన్ చూస్తున్నంతసేపూ మనం రెప్ప వేయడం తగ్గిపోతుంది, దానికి తోడు ఏసీ. నాలుగయ్యేసరికి కళ్ళు ఎండిపోయి లెన్సులు పీకేయాలనిపించేది. అప్పుడు ఎన్నేళ్ళకో మంచి కళ్ళజోడు చేయించుకున్నాను. 1.67 ఇండెక్స్ అద్దం, అంటే మామూలు దానికన్నా పల్చనిది, ఫ్రేముతో కలిపి 8,500 అయింది. ఒక విషయం చెప్పగలను: పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళు ఖరీదైన అద్దం కన్నా ముందు చిన్న ఫ్రేము ఎంచుకోండి. మైనస్ అద్దం అంచులోనే మందంగా ఉంటుంది, ఫ్రేము వెడల్పు పెరిగితే ఆ మందమంతా బయటికి కనపడుతుంది. నేను భయపడిన సోడాబుడ్డి సగం ఆ పాత పెద్ద ఫ్రేముల వల్లే.

నలభై దగ్గరపడుతుంటే ఇంకో తేడా వచ్చింది. లెన్సులు ఉన్నప్పుడు ఫోనులో చిన్న అక్షరాలు చదవాలంటే చెయ్యి చాపాల్సి వస్తోంది, కళ్ళజోడుతో అంత లేదు. మైనస్ వాళ్ళకి దగ్గరవి చూడటానికి కళ్ళజోడుతో కన్ను కాస్త తక్కువ శ్రమపడుతుందట, లెన్సుతో ఆ వెసులుబాటు ఉండదు. పైగా కళ్ళజోడు అయితే పైకెత్తి సూదిలో దారం ఎక్కించుకోవచ్చు.

ఇప్పుడు మామూలు రోజుల్లో కళ్ళజోడే. పెళ్ళిళ్ళకి, దూరం బండి మీద వెళ్ళేటప్పుడు ఒక్కరోజు వాడి పారేసే లెన్సులు. 30 లెన్సుల పెట్టె ఈమధ్య 1,900 పెట్టి కొన్నాను, రెండు కళ్ళకి రెండు పెట్టెలు నాలుగైదు నెలలు వస్తున్నాయి. రోజూ వాడితే ఇది చాలా ఖర్చే. అప్పుడప్పుడూ వాడేవాళ్ళకి మాత్రం నెలవారీ లెన్సుల కన్నా ఇవే మేలు, డబ్బా లేదు, ద్రావణం లేదు. లెన్సులు ఒక్కటే పెట్టుకుని ఇంట్లో కళ్ళజోడు లేకుండా ఉండేవాళ్ళకి చేతులెత్తి చెబుతున్నాను, ఒక్క జత అయినా ఇప్పటి పవర్‌తో చేయించుకోండి. కన్ను ఎర్రబడిన రోజు వేరే దారి లేదనే కదా మళ్ళీ ఆ లెన్సే పెట్టుకునేది.

మా అమ్మాయికి పదకొండేళ్ళు, దానికీ మైనస్ 2 వచ్చింది. కూచిపూడి నేర్చుకుంటోంది, స్టేజీ మీద కళ్ళజోడు తీసేస్తే ముందున్న గురువుగారి సైగలు కనపడటం లేదట, లెన్సులు కావాలంది. డాక్టరుగారు ప్రదర్శన రోజుల వరకు ఒక్కరోజు లెన్సులు వాడొచ్చన్నారు, తనంతట తానే పెట్టుకుని తీసుకోగలిగితేనే అని కూడా అన్నారు. పోయిన ఆదివారం నుంచి ప్రాక్టీసు చేస్తున్నాం. చేతులు కడుక్కుని, తువ్వాలు దూది కంట్లో పడకుండా టిష్యూతో తుడుచుకుని, అప్పుడు పెట్టె విప్పుతోంది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.